ఆమె మౌనంలో ఏముంది?

ధవళేశ్వరం పేరు వినగానే ఎవరికైనా ఆనకట్ట గుర్తుకు వస్తుంది. 1852 నాటికి పూర్తయిన ఆ కట్టడమే డెల్టాకు అన్నం పెట్టింది. నవలలు చదివేవారికి ఆ ఊరితో మరొక బంధం కూడా ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు 1878లో ప్రకటించడం ప్రారంభించిన ‘రాజశేఖర చరిత్రము’ కథ మొదలయ్యేది ధవళేశ్వరంలోనే. తెలుగులో తొలి నవల ఏదన్న వాదాన్ని పండితులకు వదిలేద్దాం. మన భాషలో నవల కాళ్ళూనుకున్నది మాత్రం ఈ రాజమండ్రి గట్టు మీదనే. అదే రాజమండ్రిలో 1324 నాటి మసీదు ఉంది. దాని ద్వారం మీది శాసనం ఆ సంవత్సరాన్ని ఇప్పటికీ చెబుతోంది. అంటే ఇక్కడ నవల కళ్ళు తెరిచేనాటికే ఈ ఏటి ఒడ్డున అజాన్ వినిపించడం మొదలై ఐదున్నర శతాబ్దాలు దాటింది.

ఆ మసీదు నీడన బతికిన కుటుంబం మాత్రం నవలలోకి రావడానికి దారి దొరకలేదు. కాలువ లాకుల దగ్గర సైకిలు మరమ్మతు కొట్టు పెట్టుకున్న అబ్బాజాన్, పొద్దున సిపారా పట్టుకొని మసీదుకూ ఆ తర్వాత పుస్తకాల సంచితో పంచాయతీ బడికీ వెళ్ళే పిల్లలు, ‘ఆయ్’ అన్న నోటితోనే ‘ఇన్షా అల్లాహ్’ అనే నానీమాఁ తెలుగు నవలలో ఎంత అరుదో చదివేవారికి తెలుసు. మనవాళ్ళు తెలుగులో రాయలేదా అంటే, రాశారు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) పద్యంలోనూ నాటకంలోనూ పండితుల మెప్పు పొందారు, ఖయ్యామును తెలుగు చేశారు. మన కాలంలో సలీం ‘వెండి మేఘం’ నవలలో ముస్లిం జీవితాన్నే వస్తువుగా తీసుకున్నారు. ఖదీర్ బాబు నెల్లూరు దర్గామిట్టనూ, వేంపల్లె షరీఫ్ కడప పల్లెనూ కథల్లోకి తెచ్చారు. వారు వేసిన బాటలో గోదావరి జిల్లాల వంతు మిగిలి ఉంది. అందులోనూ ఒక రకం పుస్తకం కోసం మేము ప్రత్యేకంగా ఎదురుచూస్తున్నాము. పల్లెలో కలిసి పెరిగిన ఇద్దరి స్నేహం, దీన్ హద్దుల్లోనే, ప్రేమగా పండి నికాహ్‌కు చేరే నవల అది.

ప్రేమ నవల అనే మాట ఈ పుటల్లో కనబడగానే కొందరు పెద్దలు నొసలు ముడివేస్తారని మాకు తెలుసు. వారి భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఆడపిల్లలు నవలలు చదవడం ఇవాళ కొత్తగా మొదలైన సంగతీ కాదు. ఒకప్పుడు పక్కింటి నుంచి వారపత్రిక తెచ్చుకొని సీరియల్ చదివి, దిండు కింద దాచేవారు. ఆ దాచినవారే ఇప్పుడు తల్లులు, అమ్మమ్మలు. ఇప్పుడు దాచవలసిన పని కూడా లేదు, అంతా ఫోనులోనే ఉంది. చదువుతారా లేదా అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. చదివే కథలో తమలాంటి అమ్మాయి ఉందా లేదా అన్నదే మిగిలింది. ఆ కథల్లో నాయిక సంక్రాంతి ముగ్గు వేస్తుంది, బావను ఆటపట్టిస్తుంది, గుడి మెట్ల మీద మనసు విప్పుతుంది. మన పిల్ల ఆ కథను ఇష్టంగానే చదువుతుంది. చదువుతూ చదువుతూ, ప్రేమ అనేది తన ఇంటి బయట, తన నమాజు చాప అవతల జరిగే వ్యవహారమనే అభిప్రాయానికి వస్తుంది. మా ఆందోళన ఇదే. ప్రేమ ఒక గట్టున, దీన్ మరో గట్టున ఉన్నాయని నమ్మిన పిల్లకు ఏదో ఒకనాడు పడవ ఎక్కి అవతలికి వెళ్ళక తప్పదనిపిస్తుంది.

తెలుగు ప్రేమ నవలలో మన మనిషి అసలు కనబడలేదని కూడా చెప్పలేము. 1927 నాటి చలం ‘మైదానం’లో రాజేశ్వరి భర్తను వదిలి వెళ్ళేది అమీర్‌తోనే. తెలుగు పాఠకులు ఎక్కువగా గుర్తుంచుకున్న ముస్లిం ప్రేమికుడు బహుశా అతడే. ఆ నవల శక్తి గురించి మాకు వివాదం లేదు. కానీ అమీర్‌కు మనం ఎరిగిన ఇల్లు లేదు, వంటగది లేదు, అతన్ని కేకవేసే ఆపా లేదు, శుక్రవారం లేదు. కట్టుబాట్ల నుంచి బయటపడే స్త్రీకి ఎదురైన ఒక గాలివాన అతడు. గాలివానను చూసి ఒక సమాజాన్ని అర్థం చేసుకోలేము. నికాహ్‌కు ముందు రోజు ఇంట్లో ఏం జరుగుతుందో, సంబంధం తప్పిపోయిన రాత్రి తండ్రి ఇషా నమాజులో ఎంతసేపు కూర్చుండిపోతాడో, ఆ లోపలి సంగతులు లోపలివారే రాయాలి.

ప్రేమను గురించి దీన్ మౌనంగా ఉందని అనుకునేవారు అల్ ఖసస్ సూరాలోని 23 నుంచి 28 వరకు ఆయతులను మరోసారి నెమ్మదిగా చదవాలని కోరుతున్నాము. మా దృష్టిలో పల్లె ప్రేమకథకు అంతకంటె మంచి నమూనా లేదు. మూసా (అలై) ప్రాణభయంతో ఈజిప్టు విడిచి, ఆకలితో మద్‌యన్ నీటిరేవు చేరుకుంటారు. అక్కడ పశువుల కాపరుల తోపులాట. ఇద్దరు యువతులు మాత్రం తమ మందను అదిమి పట్టుకొని దూరంగా నిలబడ్డారు. సంగతేమిటని ఆయన అడుగుతారు. కాపరులు వెళ్ళేదాకా తాము నీళ్ళు పెట్టలేమని, తండ్రి వృద్ధుడని వారు చెబుతారు. ఆయన నీళ్ళు తోడి పెట్టి, మరో మాట మాట్లాడకుండా నీడలోకి వెళ్ళి ప్రభువును వేడుకుంటారు. కాసేపటికి వారిలో ఒకామె తిరిగి వస్తుంది. ఆమె ఏం ధరించిందో, ఎంత అందంగా ఉందో ఖుర్ఆన్ చెప్పదు. ఆమె నడకలోని హయాను మాత్రం చెబుతుంది. తండ్రి పిలుస్తున్నాడన్న కబురు ఆమె నోట వస్తుంది. ఇంటికి చేరిన తర్వాత, ఇతన్ని పనిలో పెట్టుకోమని తండ్రితో అంటూ, బలమూ నమ్మకమూ ఉన్నవాడే మంచి పనివాడని ఆ కూతుళ్ళలో ఒకామె కారణం చెబుతుంది.

చెప్పింది పనివాడి గురించి. వృద్ధుడైన ఆ తండ్రి విన్నది మరొకటి. ఖుర్ఆన్ ఆయన పేరు చెప్పలేదు. షుఐబ్ (అలై) అని చాలామంది వ్యాఖ్యాతలు అన్నారు. ఆయన వెంటనే పెండ్లి ప్రస్తావన తెస్తారు. ఎనిమిదేళ్ళు కొలువు చేయాలి, పదేళ్ళు చేస్తే అది అతని మంచితనం. ఇక్కడ అమ్మాయి పారిపోలేదు, ఉత్తరాలు రాయలేదు. నోరు మూసుకొని కూర్చోనూలేదు. తాను చూసిన గుణాన్ని తండ్రి ముందు పెట్టింది. తండ్రి కూతురి మాటను వినడమే కాక, మాట వెనుక మాటను కూడా విన్నాడు. మన డెల్టా పల్లెలో ఏ కాలువ రేవు దగ్గరైనా జరగగల కథ ఇది. అలా వినగల తండ్రి దొరకాలి, అంతే.

బరీరా, ముగీస్‌ల సంగతి దీనికి పూర్తిగా వేరు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతమే. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బరీరా (రజి)కు వివాహంలో కొనసాగాలో వద్దో నిర్ణయించుకునే హక్కు వచ్చింది. ఆమె వద్దనుకుంది. ముగీస్ (రజి) ఆమె వెంట మదీనా వీధుల్లో ఏడుస్తూ తిరిగేవారు, కన్నీళ్ళు గడ్డం మీదుగా జారేవి. దైవప్రవక్త (స) ఆ ప్రేమనూ, ఆమె విముఖతనూ చూసి హజ్రత్ అబ్బాస్ (రజి)తో తమ ఆశ్చర్యాన్ని పంచుకున్నారు. ముగీస్ పక్షాన బరీరాతో మాట్లాడారు కూడా. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే అతను తనకు అక్కరలేదని ఆమె తేల్చి చెప్పింది. కథ అంతటితో అయిపోయింది. ముగీస్ ప్రేమను ఎవరూ ఎగతాళి చేయలేదు, బరీరా నిరాకరణను ఎవరూ తప్పుపట్టలేదు. ఏకపక్ష ప్రేమ పేరుతో ఆడపిల్లల మీద దాడులు జరిగే ఈ రోజుల్లో, మన మగపిల్లలకు ఈ ఉదంతాన్ని ఎన్నిసార్లు వినిపించాము?

ఇక మౌనం సంగతి. కన్య అనుమతి అడగాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆమె సిగ్గుపడుతుంది కదా అన్నప్పుడు, ఆమె మౌనమే అనుమతి అన్నారు. నోరు విప్పలేని పిల్లకు ఇబ్బంది కలగకూడదని చూపిన దయ అది. ఆ దయను మన ఇళ్ళలో ఒక్కోసారి తలకిందులు చేసుకున్నాము. ముందే అంతా ఖాయం చేసి, వంటలు పొయ్యి మీద ఉండగా, వకీలు ఇద్దరు సాక్షులతో ఆడవారి గదిలోకి వచ్చి అడిగినప్పుడు ముసుగు చాటున పిల్ల తల వంచుకుంటే, అమ్మయ్య అనుకుంటాము. ఆ తల ఎందుకు వంగిందో ఎవరికి తెలుసు? తండ్రి తనకు ఇష్టంలేని పెండ్లి చేశాడని ఖన్‌సా బిన్తె ఖిజామ్ (రజి) ఫిర్యాదు చేస్తే దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. మరో యువతి ఉదంతం ఇంకా లోతైనది. తన పరువు పెంచుకోవడానికి తండ్రి తనను అన్న కొడుకుకు కట్టబెట్టాడని ఆమె మొరపెట్టుకుంది. నిర్ణయం ఆమె చేతికే ఇచ్చారు. అప్పుడామె, తండ్రి చేసిన పెండ్లిని తాను ఒప్పుకుంటున్నానని, ఈ విషయంలో తండ్రులకు అధికారం లేదని స్త్రీలందరికీ తెలియాలనే ఇదంతా అడిగానని చెప్పింది. ఆమె కాపురం మారలేదు. మారింది ఆ కాపురానికి పునాది.

వకీలు ప్రశ్నకూ పిల్ల తల వంచడానికీ మధ్య గడిచే ఆ నాలుగు క్షణాల్లోకి ఖుత్బా వెళ్ళలేదు, ఫత్వా వెళ్ళలేదు. నవల వెళ్ళగలదు. మేము నవల అడుగుతున్నది అందుకే.

అయితే ఎలాంటి నవల? ధార్మిక నవల అనగానే మాకు కొంత భయం వేస్తుంది. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో ఉర్దూలో ప్రచురించిన ‘మిరాతుల్ ఉరూస్’ మన సమాజంలో ఆడపిల్లల చేతికి చేరిన తొలి నవలల్లో ఒకటి. తన కూతుళ్ళ చదువు కోసం ఆయన రాసుకున్న పుస్తకమది. ప్రభుత్వ బహుమానం కూడా పొందింది. అందులో అస్గరీ బుద్ధిమంతురాలు, అక్క అక్బరీ గయ్యాళి. చదివినవారిని అడిగి చూడండి, నవ్వుతూ గుర్తుచేసుకునేది అక్బరీనే. తప్పే చేయని అస్గరీని అందరూ గౌరవిస్తారు, తోడుగా కూర్చోబెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. మన కొత్త రచయితలు ఈ గుంటలో పడకూడదు. ప్రతి పుటలో హదీసు చెప్పే నాయకుడు, అలగడం తెలియని నాయిక, దీన్‌కు దూరమైనందుకు ఆఖరి అధ్యాయంలో ప్రమాదానికి గురయ్యే ప్రతినాయకుడు ఉన్న పుస్తకాన్ని తల్లులు కొంటారు, పిల్లలు తెరవరు. ఫజర్‌కు లేవలేక నిద్రపోయే నాయకుడిని మేము ఇష్టంగా చదువుతాము. లేవలేదని తర్వాత సిగ్గుపడితే చాలు.

మరి స్నేహం? దీన్ యౌవనంలో ఉన్న పరాయి స్త్రీపురుషుల ఏకాంతాన్ని ఒప్పదు. అందువల్ల స్నేహం ప్రేమగా మారే కథ మనకు పొసగదని కొందరు తేల్చేస్తారు. మాకు దీనికి వ్యతిరేకంగా తోస్తుంది. కథకు కావలసింది అడ్డంకే కదా. పల్లెలో పిల్లలు కలిసే పెరుగుతారు. ఒకే మక్తబులో ఒకే పలకతో దెబ్బలాడుకుంటారు, కొబ్బరి దింపు రోజున రాలిన పిందెలు పంచుకుంటారు. ఒక వేసవి గడిచేసరికి ఆ అమ్మాయి బయటికి రావడం తగ్గిపోతుంది. ఎవరూ ఏమీ చెప్పరు. ఆటలో ఒక మనిషి తక్కువవుతుంది, అంతే. అక్కడి నుంచి నికాహ్ దాకా ఉండే ఏడెనిమిదేళ్ళ దూరమే నవలకు నిజమైన చోటు. చెల్లెలి నోట వచ్చే కబుర్లు, రంజాన్‌లో ఇంటింటికీ తిరిగే ఇఫ్తార్ గిన్నె, గోడ అవతల ఖుర్ఆన్ చదివే గొంతు, 1986 ఆగస్టు వరదలోనో 1996 నవంబరు తుఫానులోనో ఊరంతా ఒకే బడి కప్పు కింద గడిపిన రాత్రి. తల్లి పని కోసం కువైట్ వెళ్ళిపోతే ఇల్లు దిద్దుకుంటున్న పిల్లను దూరం నుంచి చూసి, ఏ సాయమూ నేరుగా చేయలేక తన అమ్మను పంపే అబ్బాయి. ఒకరిపట్ల ఒకరి శ్రద్ధ ఇన్ని చేతులు మారి చేరుతుంటే, రచయితకు వస్తువు కరువా?

నికాహ్ తర్వాత ప్రేమ మొదలవడం కూడా ఈ నేలకు కొత్త కాదు. భీమవరం ప్రాంతంలో పుట్టిన అడివి బాపిరాజు రాసిన ‘నారాయణరావు’ 1934లో ‘వేయిపడగలు’తో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమతిని పంచుకుంది. కోనసీమ కొత్తపేట యువకుడికి జమీందారు కూతురు శారదతో పెండ్లవుతుంది. ఆమె మనసు మాత్రం అతని దగ్గరకు రాదు. భర్త హక్కుగా దేన్నీ లాక్కోకుండా అతడు ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపే నవల. కుటుంబాచారాలు వేరైనా, ఆ ఓర్పు మన పాఠకులకు పరాయిదిగా అనిపించదు.

మేము కోరుతున్న నవలకు అతి దగ్గరగా వచ్చినవి మాత్రం మరో నీటి ప్రాంతంలో, కేరళ కాయల్ ఒడ్డున పుట్టాయి. కొబ్బరి తోటలు, పడవలు, చిన్న మసీదులు చూస్తే అది మన కోనసీమేననిపిస్తుంది. వైకం ముహమ్మద్ బషీర్ మలయాళంలో రాసిన రెండు చిన్న నవలల గురించి మా మాట. 1951లో వచ్చినదాని పేరు తెలుగులో ‘మా తాతకో ఏనుగుండేది’ అని చెప్పుకోవచ్చు. పుట్టింటి ఏనుగును తలచుకొని గర్వపడే తల్లి, వ్యాజ్యాల్లో ఆస్తి పోగొట్టుకున్న తండ్రి, చదువు రాని కుంజుపాతుమ్మ. పక్కింటికి చదువుకున్న ఒక ముస్లిం కుటుంబం వస్తుంది. ఆ ఇంటి ఆయిషా ఆమెకు స్నేహితురాలై అక్షరాలు నేర్పుతుంది. ఆయిషా అన్న నిసార్ అహ్మద్‌తో పరిచయం ప్రేమగా మారి నికాహ్‌తో ముగుస్తుంది. ఇందులో మూఢాచారం ఓడిపోతుంది, దీన్ ఓడిపోదు. శుభ్రతా చదువూ కలిసిన దీన్ ప్రేమ పక్షాన నిలబడుతుంది. ఆఖరికి ఆ గొప్ప ఏనుగు ఇసుకలో గుంత చేసుకొని దాగే చిన్న పురుగేనని పిల్లలు వెక్కిరిస్తారు. కట్నకానుకల మాట వచ్చినప్పుడు మన ఇళ్ళలో బయటికి తీసే ఏనుగులు కూడా తక్కువేమీ కాదు.

రెండవది దీనికి ముందుది, 1944 నాటి ‘బాల్యకాలసఖి’. ఇరుగుపొరుగు పిల్లలు మజీద్, సుహ్రా. మొదట బద్ధశత్రువులు, తర్వాత ప్రాణస్నేహితులు. ఒకటీ ఒకటీ కలిస్తే ఎంత అని పంతులు అడిగితే, రెండు ఏళ్ళు కలిసి ఒక పెద్ద ఏరు కావడం చూసిన మజీద్, కాస్త పెద్ద ఒకటి అని జవాబిస్తాడు. (మన గోదారి ధవళేశ్వరం దగ్గర ఒకటే పాయలుగా చీలుతుంది. మన పిల్లవాడైతే ఏమి చెప్పేవాడో!) సుహ్రా తండ్రి చనిపోతాడు. ఆమెను చదివించమని మజీద్ తన తండ్రిని బతిమాలినా ఫలితం ఉండదు. మజీద్ ఇల్లు విడిచి దేశాలు తిరుగుతాడు. అతను వచ్చేసరికి ఆమె పట్నంలో ఒక కసాయికి భార్య. కష్టాలు పడి పుట్టింటికి చేరుతుంది. మళ్ళీ మనసులు కలుస్తాయి. కానీ మజీద్ కుటుంబం అప్పటికి చితికిపోయింది. ఇద్దరు చెల్లెళ్ళకు కట్నం సంపాదిస్తేగాని తన నికాహ్ మాట ఎత్తలేడు. ఆ డబ్బు కోసమే దూర నగరానికి వెళ్ళి, ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, హోటల్లో ఎంగిలి గిన్నెలు కడుగుతాడు.

గమనించండి. ఈ ఇద్దరినీ విడదీసింది దీన్ కాదు. దీన్ వరుడిని మహర్ ఇమ్మంది, అదీ వధువు చేతికి. వధువు తండ్రి నుంచి గాని అన్న నుంచి గాని రూపాయి పుచ్చుకోమని ఎక్కడా అనలేదు. మజీద్ కాలు తీసుకున్నది మనం కలుపుకున్న ఆచారం. మన డెల్టాలో ఎకరాల లెక్కన, చేపల చెరువుల లెక్కన సంబంధాలు బేరమాడే పెద్దలు జమాత్ మొదటి వరుసలోనే నిలబడతారు. దీని గురించి వ్యాసాలు చాలా వచ్చాయి, మేమూ రాశాము. మజీద్ గిన్నెలు కడిగే ఆ కొద్ది పుటలు మా వ్యాసాలన్నిటికంటె ఎక్కువ పని చేస్తాయని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

ఆ దూరపు ఊళ్ళోనే అతనికి ఇంటి నుంచి ఉత్తరం అందుతుంది. జబ్బుతో సుహ్రా చనిపోయింది. అప్పుడు మజీద్‌కు తాను బయలుదేరిన ఉదయం గుర్తుకు వస్తుంది. ఆమె వాకిట్లో నిలబడి ఏదో చెప్పబోయింది. మాట పూర్తికాకముందే బస్సు హారన్ మోగింది, అమ్మ వచ్చింది, అతను బయలుదేరి వెళ్ళిపోయాడు. సుహ్రా చెప్పబోయినది ఏమిటన్న అతని ప్రశ్న దగ్గరే బషీర్ కలం ఆపేశారు.